మందు చేసినవారు, మందు ఇచ్చేవారు

(యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం. మక్తల్‌లో నర్సింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలు మన్నించాలి, ఈ సాయంత్రం నేను మాట్లాడేది ముందు వరసల్లో నోటుబుక్కులు తెరుచుకుని కూర్చున్న నర్సింగ్ పిల్లలతో.

భీమవరంలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన శాస్త్రవేత్త పేరిట మక్తల్‌లో ఉపన్యాసం ఎందుకని ఒకరిద్దరు అడిగారు. జవాబు ఈ చుట్టుపక్కల ఏ ఏఎన్ఎం సంచి తెరిచినా దొరుకుతుంది. గర్భిణికి ఇచ్చే ఎర్ర గోలీలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ గోలీ కూడా ఆ బృందం పనే. మీకు తెలిసిన డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ కనుగొన్నప్పుడు ఆ పరిశోధనలకు పెద్దదిక్కు సుబ్బారావే. ఇక కీళ్లవాతానికి రాయచూరులోనో హైదరాబాద్‌లోనో డాక్టరు రాసిన మెథోట్రెక్సేట్ చీటీ పట్టుకుని ఒక పెద్దమ్మ మీ దగ్గరికి వస్తుంది. ఆ మందు మూలమూ సుబ్బారావు బృందం పనిలోనే ఉంది.

ఆయన జీవితంలో మీకు దగ్గరగా వచ్చే సంగతులే చెబుతాను. 1895 జనవరి 12న పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే పేగుజబ్బుతో పోయారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు కట్టినందుకు శస్త్రచికిత్స ప్రొఫెసరుకు కోపం వచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటికి వచ్చారు. 1923లో బోస్టన్ చేరాక చదువు ఖర్చు కోసం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ పనివాడిగా చేరారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పని అది. మీలో ఎవరికైనా వార్డు పని చిన్నదనిపిస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి. తర్వాత సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు, 1925లో. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద ఆయన పని ఆ వెంటనే వచ్చింది. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. 1945లో ఫోలిక్ ఆమ్లం తయారైంది. అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకి చికిత్సగా పనికొచ్చిన మందుల్లో అదొకటి. అదే ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్‌ను ఆయన బృందం అందించగా, బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సర్ పిల్లలకు ఇచ్చారు. కొంతకాలమైనా జబ్బు వెనక్కి తగ్గిన పిల్లల సంగతి 1948లో లోకానికి తెలిసింది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు పోయారు. వయసు 53.

మందు కనిపెట్టిన మనిషి చేయగలిగింది ఒక హద్దు వరకే. రోగి నోట్లోకో నరంలోకో పోయే ముందు చివరి ఘడియలో మందు ఉండేది మీ చేతిలో. డాక్టరు చీటీలో తప్పు రాసినా, ఫార్మసిస్టు తప్పు డబ్బా ఇచ్చినా ఆపగలిగిన చివరి మనిషి నర్సు. నర్సు చేతిలో జరిగిన తప్పును ఆపడానికి మాత్రం ఆ తర్వాత ఎవరూ ఉండరు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దీనికి వివరం.

ముందు మందు ఒంట్లో ఏం చేస్తుందో చూద్దాం. మీ పుస్తకాల్లో శోషణ, పంపిణీ, జీవక్రియ, విసర్జన అని నాలుగు మాటలు ఉంటాయి. పరీక్ష కోసం వాటిని బట్టీ పడతారు. పాలమూరు పిల్లలకు చెరువు తెలుసు కాబట్టి చెరువుతోనే చెబుతాను. వాగు నుంచి నీళ్లు వస్తుంటాయి, తూము నుంచి పోతుంటాయి. రాకడ, పోకడ సమానమైనచోట నీటిమట్టం నిలబడుతుంది. మందూ అంతే. వేళకు వేసే గోలీ వాగు, కాలేయం, మూత్రపిండాలు తూములు. తూము పూడిపోయిన చెరువులోకి వాగు ఎప్పటిలాగే పారితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. జెంటామైసిన్, డిజాక్సిన్, మెట్‌ఫార్మిన్, మెథోట్రెక్సేట్ ముఖ్యంగా మూత్రపిండాల గుండానే బయటికి పోతాయి. డెబ్బయ్యేళ్ల మనిషికీ ముప్పయ్యేళ్ల మనిషికీ ఒకే మోతాదు రాసి ఉంటే, క్రియాటినిన్ రిపోర్టు ఎంతుందో అడగడం మీ పని కాదని ఎవరైనా అంటే నమ్మకండి.

ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని అర్ధాయువు అంటాం. పేరాసిటమాల్‌కి అది రెండు మూడు గంటలు. అందుకే రోజుకు మూడు నాలుగుసార్లు వేస్తాం. డిజాక్సిన్‌కి దాదాపు ఒకటిన్నర రోజు. అందుకే రోజుకు ఒకసారే, అదీ నాడి చూసి. పెద్దవాళ్లలో నాడి 60 కన్నా తక్కువ ఉంటే ఆపి డాక్టరుకు చెప్పాలి. ఈ లెక్క మీకు తెలిస్తే ‘రెండు పూటలు మర్చిపోయిన, ఇప్పుడు రెండూ కలిపి వేసుకోవాల్నా సిస్టరమ్మా’ అని అడిగిన మనిషికి సరైన జవాబు చెప్పగలరు. మర్చిపోయిన గోలీలను పోగుచేసి ఒక్కసారి మింగకూడదు.

ఇప్పుడు సుబ్బారావు మందుల దగ్గరికే వద్దాం. ఒక్కో మందూ ఒక్కో పాఠం చెబుతుంది. అన్నిటికన్నా ఎక్కువసేపు మెథోట్రెక్సేట్ దగ్గర నిలబడతాను. ఒకే ఒక మాట తప్పితే ప్రాణం తీసే మందు ఇది.

కాన్సర్‌కి ఇచ్చే మోతాదుల సంగతి పక్కన పెడదాం, అది పెద్ద ఆసుపత్రుల్లో జరిగే పని. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి దీన్ని వారానికి ఒక్కసారే ఇస్తారు. ఏడున్నర మిల్లీగ్రాములతోనో కాస్త ఎక్కువతోనో మొదలుపెట్టి, అవసరాన్ని బట్టి పెంచుతారు. దాన్ని రోజూ వేసుకుంటే కొద్దిరోజుల్లోనే నోరు పూస్తుంది, అన్నం మింగుడుపడదు. ఎముకల మజ్జ రక్తకణాలను తయారు చేయడం మానేస్తుంది, జ్వరం వస్తుంది, మనిషి పోవచ్చు. ప్రపంచమంతటా ఈ పొరపాటు మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంది. అందుకే 2019లో ఐరోపా ఔషధ సంస్థ ఈ మందు పెట్టెల మీద ‘వారానికి ఒకసారే’ అన్న హెచ్చరిక కనబడేలా ఉండాలని నిర్ణయించింది. మనలో గోలీ అంటే రోజూ వేసుకునేదే అనుకుంటారు. బీపీ గోలీ రోజూ, సుగర్ గోలీ రోజూ, మరి ఇది మాత్రం వారానికి ఒక్కటేమిటన్నది ఆ పెద్దమ్మ సందేహం. ఆమె తప్పేమీ లేదు. చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. ఆమెకు తెలుగో, కన్నడమో, ఉర్దూనో వచ్చు. మాట్లాడగలిగినా చదవలేకపోవచ్చు.

కాబట్టి ఒక పని చేయండి. మెథోట్రెక్సేట్ వాడే ప్రతి మనిషికీ రోజు పేరు పెట్టి చెప్పండి. ‘వారానికోసారి’ అంటే చాలదు. ఏ రోజు? మీ ఊరి సంత ఎప్పుడైతే ఆ రోజే అనండి. సంత రోజును ఎవరూ మరిచిపోరు. తర్వాత ఆమెనే తిరిగి చెప్పమనండి. ఆమె ‘సంతనాడు ఒక్కటే, మిగతా దినాలు వద్దు’ అని తన నోటితో అన్నాకే మీ పని పూర్తయినట్టు. ఫోలిక్ ఆమ్లం గోలీ వేరే రోజు వేసుకోమని డాక్టర్లు రాస్తారు. అది మెథోట్రెక్సేట్ చేసే కీడును కొంత తగ్గిస్తుంది. సుబ్బారావు బృందం చేసిన ఒక మందుకు కాపలాగా ఆ బృందమే చేసిన మరో మందు ఉండడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఇంకో ప్రమాదం మెడికల్ షాపులో ఎదురుచూస్తుంటుంది. మోకాళ్ల నొప్పులకని ఆర్ఎంపీ దగ్గరో షాపులోనో తెచ్చుకునే నొప్పి గోలీలు మూత్రపిండాల మీద భారం వేసి, మెథోట్రెక్సేట్‌ను బయటికి పోనివ్వకుండా చేయవచ్చు. మూత్రంలో మంట అంటే కొందరు రాసే కోట్రైమాక్సజోల్ ఇంకా చెడ్డది. అది కూడా ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే మందే కాబట్టి, రెండూ కలిస్తే మజ్జ దెబ్బతింటుంది. అందుకే మందు ఇచ్చేముందు ‘ఇంకేమేం వేసుకుంటున్నవ్, సంచి చూపెట్టు’ అని అడగండి. నోటితో చెప్పమంటే సగం మరిచిపోతారు. సంచి చూస్తే తెలుస్తుంది.

ఇనుము, ఫోలిక్ ఆమ్లం గోలీలది వేరే కథ. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లండ్ వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కూలీ స్త్రీల రక్తహీనతను పరిశీలించారు. ఈస్ట్ సారంలో దాన్ని నయం చేసేదేదో ఉందని కనిపెట్టారు. ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. గర్భిణీ కూలీ స్త్రీల రక్తంతో మొదలైన కథ మళ్లీ గర్భిణీ కూలీ స్త్రీల దగ్గరికే వచ్చింది. ఇప్పుడు గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇచ్చే ఎర్ర గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. చాయ్‌తో వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు. కాల్షియం గోలీతో కలిపి వేసుకున్నా అంతే, రెండింటి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. దొడ్డికి నల్లగా వస్తుందని ముందే చెప్పండి. చెప్పకపోతే రెండో వారంలో గోలీలు పెంటకుప్పలో పడతాయి. ఇంకొకటి, ఆ ఎర్ర గోలీలను ఇంట్లో పసిపిల్లలు తీపి బిళ్లలనుకుని గుప్పెడు మింగితే ఇనుము విషమై ప్రాణం తీయగలదు. గూట్లో పైన పెట్టుకోమని ప్రతి తల్లికీ చెప్పండి.

టెట్రాసైక్లిన్లకూ పాలకూ పడదు. ఇనుముతోనూ పడదు. పాలలో ఉన్న కాల్షియం మందును కట్టేసి రక్తంలోకి పోనివ్వదు. గర్భిణులకు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు సాధారణంగా వీటిని ఇవ్వం, పిల్లల పళ్లకు శాశ్వతంగా మరక పడుతుంది. డీఈసీ సంగతి నల్లగొండ వైపు నుంచి వచ్చిన పిల్లలకు ఎక్కువ తెలిసి ఉంటుంది. సామూహిక మందుల పంపిణీలో రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు 100 మిల్లీగ్రాములు, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి 200, ఆపై వయసువారికి 300, ఆల్బెండజోల్‌తో కలిపి. ఖాళీ కడుపుతో వద్దు, మన ముందే మింగాలి. రక్తంలో పురుగులు చస్తుంటే కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. ఆ మాట ముందు చెప్పకపోతే మరుసటి ఏడు ఆ ఊళ్లో మన ముఖాన తలుపేస్తారు.

ఇప్పుడు చెప్పబోయేది మన రాష్ట్రంలోనే జరిగింది. 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలోని ఆరోగ్య కేంద్రంలో పసిపిల్లలకు టీకాలు వేశారు. జ్వరం వస్తే వేయమని తల్లుల చేతికి మాత్రలు ఇచ్చి పంపారు. పేరాసిటమాల్ అనుకుని ఇచ్చినవి ట్రమడాల్. అది ఓపియాయిడ్ జాతి మందు, ఊపిరిని నెమ్మదింపజేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అంతకు రెండేళ్ల ముందే చెప్పింది. పిల్లలు మగతలోకి జారిపోతే తల్లులు నీలోఫర్ ఆసుపత్రికి పరుగెత్తారు. పసిప్రాణాలు పోయాయి. టీకాలో ఏ లోపమూ లేదు. అయినా ఆ వారమంతా ఎన్ని ఊళ్లలో తల్లులు టీకాలకు భయపడి ఉంటారో ఆలోచించండి.

ఆ వార్త చదివినప్పుడు నాకు కోపంకన్నా భయమే ఎక్కువ కలిగింది. ఆ బల్ల దగ్గర మీలో ఎవరైనా ఉండవచ్చు. రద్దీగా ఉంటుంది, పిల్లలు ఏడుస్తుంటారు, ఎవరో అట్టపెట్టె తెచ్చి పెడతారు, ఇవే పేరాసిటమాల్ అంటారు. అట్ట మీద పేరు చదవడానికి రెండు క్షణాలు చాలు. మందును మూడుసార్లు చదవమని పాత నర్సులు నేర్పేవారు: అల్మారాలోంచి తీసేటప్పుడు, మోతాదు తీసేటప్పుడు, తిరిగి పెట్టేటప్పుడు. రంగు చూసి, డబ్బా ఆకారం చూసి, నిన్న ఉన్నచోటు చూసి తీయకండి. ప్రసవ గదిలో పుట్టిన బిడ్డకు వేయాల్సిన విటమిన్ కె, తల్లికి రక్తస్రావం ఆపే మెథెర్జిన్ పక్కపక్కనే ఉంటాయి, రెండూ చిన్న ఆంప్యూళ్లే. విటమిన్ కె అనుకుని నవజాత శిశువుకు మెథెర్జిన్ వేసిన ఉదంతాలు వైద్య పత్రికల్లో ఎన్నో వచ్చాయి. బిడ్డకు ఫిట్స్ వస్తాయి, ఊపిరి ఆగుతుంది. తల్లి మందుల ట్రే, బిడ్డ మందుల ట్రే వేరుగా పెట్టుకోండి. అందుకు పైవాళ్ల అనుమతి అక్కర్లేదు.

మనిషిని గుర్తుపట్టడంలోనూ ఇలాగే. ఇది పడమటి ఆంజనేయస్వామి ఊరు. ఒకే వార్డులో ఇద్దరు ఆంజనేయులు, ముగ్గురు అంజమ్మలు ఉండడం వింతేమీ కాదు. ‘నువ్వు అంజమ్మవే కదా’ అని అడగకండి. జ్వరంలో ఉన్న మనిషి ఏమడిగినా తలూపుతుంది. ‘నీ పేరేంది, ఏ ఊరు, ఇంటాయన పేరేంది’ అని అడిగి కేస్‌షీట్‌తో సరిచూడండి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం అని మీరు పాఠంలో వల్లెవేసే ఐదింటిలో మొదటిదే ఎక్కువగా తప్పుతుందని నా అభిప్రాయం. అది చాలా తేలిక అనుకుంటాం కాబట్టి.

ఇన్సులిన్ గురించి ఒక్క మాట. మన దగ్గర సీసాల్లో వచ్చే ఇన్సులిన్‌లో ఎక్కువ శాతం మిల్లీలీటరుకు 40 యూనిట్లది. 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో తీస్తే రాసిన మోతాదుకు రెండున్నర రెట్లు లోపలికి పోతుంది. రాత్రి భోంచేసి పడుకున్న మనిషి పొద్దున లేవకపోవచ్చు. పిల్లల పేరాసిటమాల్‌దీ అలాంటి లెక్కే. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్‌కన్నా, మిల్లీలీటరుకు 100 ఉండే చుక్కల మందు నాలుగు రెట్లు గాఢం. మిల్లీలీటర్లలో చెప్పినా మిల్లీగ్రాముల్లో లెక్క కట్టుకోండి. కిలోకు 10 నుంచి 15 చొప్పున. బిడ్డను తూకం వేయకుండా మోతాదు చెప్పకండి.

ప్రసవ గది దగ్గర ఇంకొంచెం ఆగాలి. బిడ్డ పుట్టాక తల్లికి వేసే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు రక్తస్రావాన్ని ఆపి ప్రాణం నిలుపుతుంది. అదే ఇంజెక్షన్ను నొప్పులు తొందరగా రావాలని బిడ్డ పుట్టకముందే కండకు పొడిస్తే గర్భసంచి చిరగవచ్చు, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ‘సూదేసి తొందరగా కానియ్యండి’ అని ఇంటివాళ్లు బతిమాలుతారు. కుదరదని చెప్పే ధైర్యం మీ చదువులో భాగం. ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. మళ్లీ మోతాదు వేసేముందు మోకాలి చిప్ప కింద తట్టి కాలు ఎగురుతుందా చూడాలి, నిమిషానికి కనీసం 16 శ్వాసలు ఉన్నాయా లెక్కపెట్టాలి, గంటకు 30 మిల్లీలీటర్ల మూత్రం వస్తోందా చూడాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వేయకూడదు. కాల్షియం గ్లూకోనేట్ ఆంప్యూల్ అదే ట్రేలో ఉండాలి. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ను నేరుగా నరంలోకి ఎన్నడూ ఎక్కించకూడదు, గుండె ఆగిపోతుంది. దాన్ని మిగతా ఆంప్యూళ్ల మధ్య ఉంచకండి.

మనది వలసల నేల కూడా. బొంబాయికో పుణెకో పనికి పోయే మనిషి బీపీ గోలీలు, ఫిట్స్ గోలీలు, టీబీ గోలీలు ఇంటి దగ్గరే వదిలేసి పోతాడు. ఫిట్స్ మందు ఒక్కసారిగా మానేస్తే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. పోయేముందు ఆయన ఒకసారి మీ దగ్గరికి వస్తాడు, ఏదో జ్వరానికో దగ్గుకో. అప్పుడే ‘ఎప్పుడు పోతున్నవ్, ఎన్ని దినాలుంటవ్’ అని అడిగి, ఆ రోజులకు సరిపడా మందు ఇప్పించండి, చీటీ జేబులో పెట్టించండి.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వల్ల జరిగే హానిని తగ్గించడానికి దేశాలన్నిటికీ ఒక పిలుపు ఇచ్చింది. తప్పు చేసినవారిని పట్టుకోవడంకన్నా తప్పు జరిగే దారులు మూయడమే దాని సారాంశం. మన ఆసుపత్రుల్లో అది ఇంకా వేళ్లూనుకోలేదు. ఇక్కడున్న డాక్టర్లకు, సూపరింటెండెంట్లకు ఒక విన్నపం. ‘సార్, ఈ మోతాదు ఇంతేనా’ అని రాత్రి రెండు గంటలకు ఫోను చేసిన నర్సును కసురుకోకండి. ఒకసారి కసిరితే రెండోసారి ఆమె అడగదు. అప్పుడు నష్టపోయేది మంచం మీద పడుకున్న మనిషి. జరిగిన పొరపాటును తానే వచ్చి చెప్పిన నర్సుకు మెమో ఇస్తే, రేపు ఇంకెవరూ చెప్పరు, పొరపాట్లు మాత్రం జరుగుతూనే ఉంటాయి.

విద్యార్థులకు ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మందు వేశాక రోగికి దద్దుర్లో, ఆయాసమో, ఇంకేదైనా అనుకోని చెడో కనిపిస్తే ముందు రోగిని చూసుకోండి, తర్వాత రాయండి. మన దేశంలో 2010 నుంచి మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం నడుస్తోంది. దాని కేంద్రం గాజియాబాద్‌లోని భారతీయ ఫార్మకోపియా కమిషన్. రిపోర్టు డాక్టరే పంపాలన్న నియమం లేదు, నర్సు కూడా పంపవచ్చు. మందే కారణమని రుజువు చేయనక్కర్లేదు, అనుమానం చాలు. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి.